అతిథి వచ్చాడు, ఆర్డర్ పెట్టండి

ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లో వండి పెట్టడం అనే దురాచారం మన కళ్ళముందే అంతరించిపోతోంది. ఇందుకు మనమంతా సంతోషించాలి. సంతోషించి ఊరుకోకుండా ఒక సన్మానసభ కూడా పెట్టాలి. సభ తర్వాత భోజనాలు ఎలాగూ క్యాటరింగే కనుక ఎవరికీ శ్రమ ఉండదు.

మీరే ఆలోచించండి. ఒకప్పుడు స్నేహం కొద్దీ ఎవరైనా గుమ్మంలో అడుగుపెడితే ఇంటిల్లిపాదీ ఎంత నలిగిపోయేవారు! ఒకరు పొయ్యి ఊదాలి, ఒకరు నీళ్ళు తోడాలి, ఒకరు వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని నవ్వుతూ మాట్లాడాలి. మూడింట్లోకీ ఈ చివరిదే కష్టం.

ఇప్పుడో? 'ఏం తింటారు?' అని ఫోన్ ముందుకు జరిపితే సరి. అతిథి తన తిండి తానే వెతుక్కుంటాడు. అరగంటలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి తెచ్చి చేతిలో పెడతాడు. బాగుంటే మన ఎంపిక గొప్ప, బాగోకపోతే హోటల్ తప్పు. ఇంత పకడ్బందీ ఏర్పాటు మన పెద్దలకు ఒక్కరికైనా తట్టిందా?

నా మాట మీద గురి కుదరకపోతే, ఖమ్మంలో మా ఎదుటి ఫ్లాటులో ఉండే కోటేష్ గారి సంగతి వినండి. ఈ ఆధునిక సదుపాయాన్ని కాదని పాతకాలపు భోజనాల జోలికి పోయిన మనిషికి ఏ గతి పడుతుందో మీకే తెలుస్తుంది.

కోటేష్‌కు నలభై ఏడేళ్ళు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంట్. భార్య ప్రమీలారాణి డిగ్రీ కాలేజీ లెక్చరర్. కూతురు హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో మాడ్యులర్ కిచెన్ ఉంది. దాన్ని వాళ్ళు పూజగది కన్నా శుభ్రంగా చూసుకుంటారు. పొయ్యి మీద చిమ్నీకి కంపెనీవాళ్ళు అంటించిన స్టిక్కరు ఏడేళ్ళయినా చెక్కుచెదరలేదు. చిమ్నీకి పొగ అంటే ఏమిటో తెలియదు.

ఇంత ఆదర్శంగా బతుకుతున్న మనిషి బాల్యం మాత్రం చాలా దయనీయంగా గడిచింది.

ఆయన తండ్రి హీరాలాల్ ముదిగొండ దగ్గరి తండా మనిషి. టీచరు ఉద్యోగం వచ్చాక, చర్ల దాటి రెండు వాగులు దిగి ఎక్కితే వచ్చే ఒక కోయ పల్లెకు వేశారు. ఏకోపాధ్యాయ పాఠశాల. పదకొండేళ్ళు అక్కడే ఉన్నాడు. ఊళ్ళో ఆయనకు ప్రాణస్నేహితుడు సీతయ్య. కాస్త పోడు, కాస్త అడవి సరుకు, అదీ సీతయ్య జీవనం. ఆయన భార్య చిన్నక్క. ప్రతి వారం చర్ల అంగడి రోజు సాయంత్రం పంతులుగారి కుటుంబమంతా వాళ్ళింట్లో తినాలన్నది చిన్నక్క చేసిన చట్టం. దానికి సవరణలు ఉండేవి కావు.

అక్కడ మెనూ అనేదే లేదు. వాగులో చేప పడితే చేప, పడకపోతే పప్పు. వానాకాలమైతే వెదురు కొమ్ముల కూర. ఎండాకాలమైతే వేయించిన ఇప్పపూలు. ఏం కావాలని ఎవరూ అడిగేవారు కాదు. వినియోగదారుడి హక్కుల గురించి ఆ ఇంట్లో ఎవరికీ కనీస అవగాహన లేదు.

కూర్చోవడానికి కుర్చీలు లేవు. మోదుగాకు విస్తట్లో పులుసు పోస్తే, అది ఏ ఈనె సందులోంచో దారి చూసుకుని పక్కవాడి విస్తట్లోకి చేరేది. ఎవరి భోజనం ఎవరిదో తేల్చడం కష్టమయ్యేది. 'చాలు' అనే తెలుగు మాటకు చిన్నక్క నిఘంటువులో 'ఇంకా వెయ్యి' అని అర్థం. ఒకసారి హీరాలాల్ సారు రెండు చేతులూ విస్తరి మీద అడ్డంపెడితే ఆమె చేతుల మీదే వడ్డించింది.

ఏడేళ్ళ వయసులో కోటేష్ ఒక పొరపాటు చేశాడు. చిన్నక్క పెట్టిన ఎర్రచీమల పచ్చడి నాలుక మీద పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఎట్లుందని అడిగింది. మర్యాద కోసం మస్తుగుందన్నాడు. దాంతో ఆ ఊరు వదిలేదాకా ప్రతి వారం ఆయనకోసం ప్రత్యేకంగా దాచి మరీ పెట్టింది. నక్షత్రాల రేటింగు ఉండి ఉంటే ఆ కుర్రవాడు ఎవరికీ తెలియకుండా ఒక నక్షత్రం ఇచ్చి బయటపడేవాడు కదా!

తిన్నాక లేచి వెళ్ళడానికి కూడా లేదు. సారుకు దగ్గెందుకు వస్తోంది, సారు భార్య చాందికి పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చిందా, పిల్లవాడు ఎందుకు చిక్కాడు, అన్నీ విచారణకు వచ్చేవి. ప్రైవసీ అనే మాట అప్పటికి ఆ వాగులు దాటలేదు.

వీటన్నిటికీ పరాకాష్ట ఇంకొకటి ఉంది. కోటేష్‌కు ఎనిమిదేళ్ళప్పుడు తల్లికి కడుపులో గడ్డ వచ్చి ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ అయింది. హీరాలాల్ ఆమె దగ్గర ఉండిపోయాడు. పిల్లవాణ్ణి చిన్నక్క తన ఇంట్లో పెట్టుకుంది. తల్లి కోలుకుని వచ్చేదాకా, నలభై రోజులు. రెండు పూటలా ఆమే కలిపి పెట్టింది. అమ్మ బతుకుతుందో లేదో అన్న మాట ఆ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన చెవిన పడలేదట. ఆ ఇంట్లో మాట్లాడుకున్నదంతా ఈ పూట ఏం వండాలన్న దాని గురించే.

ఇన్ని భోజనాలు తిన్నా ఒక్క ఫోటో లేదు. ఒక్క స్టేటస్ లేదు. ఆ పదకొండేళ్ళూ ఆయన తిన్నాడనడానికి సాక్ష్యం, ఇప్పుడు కనిపిస్తున్న ఆ శరీరమొక్కటే.

ఇక అసలు సంగతికి వద్దాం.

మొన్న జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం సీతయ్య ఖమ్మం వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఒక్కడే. కంటి డాక్టరుకు చూపించుకుని, బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. కోటేష్ ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి కారులో తీసుకొచ్చాడు. ప్రమీలారాణి పరీక్షల డ్యూటీలో ఉండి, వీడియో కాల్‌లో నమస్కారం పెట్టింది. కళ్ళలో చుక్కలు వేయడం వల్ల సీతయ్యకు అంతా మసకగా ఉంది. ఫోన్ ఉన్న వైపు కాకుండా ఫ్రిజ్ వైపు తిరిగి ఆశీర్వదించాడు.

చిన్నక్క మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. బయల్దేరుతున్న భర్తకు ఒక పని అప్పజెప్పింది. కోటేష్ ఇంట్లో తినే రావాలి, ఏం తిన్నాడో వచ్చి తనకు చెప్పాలి. సీతయ్య ఆ మాట సోఫాలో కూర్చోగానే చెప్పేశాడు.

కోటేష్ ఉత్సాహంగా ఫోన్ తీశాడు. ఏం తింటావు మామా అని అడిగాడు.

"ఇంట్ల ఏముంటె అది పెట్టు బిడ్డా. నాకేం ఫరక్ లేదు" అన్నాడు సీతయ్య.

చూశారా, ఎంత ఇరకాటంలో పెట్టే మాటో! ఇంట్లో ఏముంటే అది. కోటేష్ లేచి చూశాడు. ఫ్రిజ్‌లో మూడు నిమ్మకాయలు, ప్రమీలారాణి ఫేస్‌ప్యాకు, సగం తాగిన కూల్‌డ్రింకు ఉన్నాయి. సొరుగులో పాత ఆర్డర్లతో వచ్చిన కెచప్ ప్యాకెట్లు, మిరపగింజల పొట్లాలు, ప్లాస్టిక్ చెంచాలు మాత్రం ఒక పెళ్ళికి సరిపోయేటన్ని ఉన్నాయి.

తిరిగొచ్చి కూర్చుని యాప్‌లోంచి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు. తందూరీ, మంచూరియా, షెజ్వాన్, మండి. నూట పద్దెనిమిది రకాలు. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. ముప్పయ్యో పేరు దగ్గర ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"బియ్యం లేవా బిడ్డా?"

కోటేష్ నవ్వేసి రెండు బిర్యానీలు, ఒక చేప వేపుడు, ఒక పప్పు ఆర్డరు పెట్టాడు.

తెచ్చినాయన పేరు రామ్‌చందర్ అని ఫోన్లో వచ్చింది. యాభై ఏళ్ళు పైబడిన మనిషి. నాలుగంకెల నంబరు చెప్పమన్నాడు. కోటేష్ చెప్పాడు. సంచి చేతికిచ్చాడు. సీతయ్య తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆయన తిన్నాడో లేదో కనుక్కున్నాడు. లోపలికి వచ్చి కూర్చోమన్నాడు, మనిషికింత పెట్టుకుని తిందామన్నాడు. ఆ రామ్‌చందర్ ఒక్క క్షణం హెల్మెట్ తీయబోయినట్టు చెయ్యెత్తాడట. తర్వాత ఇంకో ఆర్డరుందని చెప్పి మెట్లు దిగిపోయాడు.

సీతయ్య కడుపునిండా తిన్నాడు. తిని, ఆ ప్లాస్టిక్ డబ్బాలన్నీ సింకులో కడిగి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి గట్టు మీద ఉంచాడు. పెట్టినవాళ్ళకు గిన్నెలు జల్దీ పంపించమన్నాడు. కోటేష్ వాటిని తీసుకుని ఆయన ముందే చెత్తబుట్టలో పడేశాడు. ముసలాయన చీకటి పడకముందే చర్ల చేరాలని బస్సెక్కాడు.

ఇంతవరకు మన ఆధునిక పద్ధతి ఎంత సాఫీగా నడిచిందో గమనించండి. గిన్నె మాడలేదు, చెయ్యి కాలలేదు, ఒక్క మాట పట్టింపు రాలేదు. గొడవంతా తర్వాత వచ్చింది. అదీ సీతయ్యకు అబద్ధం చెప్పడం రాకపోవడం వల్ల వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత సీతయ్య కొడుకు గణేష్ ఫోన్ చేశాడు. అన్నా అని పిలిచి, చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. చివరికి, ఏమైనా కష్టముంటే చెప్పాలిగానీ గట్ల దాచుకుంటారా అన్నాడు. కోటేష్‌కు అర్థం కాలేదు. మీకు పంపిన సామాను సాయంత్రం బస్సుకు వస్తుందని చెప్పి గణేష్ ఫోన్ పెట్టేశాడు.

జరిగిందేమిటంటే, సీతయ్య ఇంటికి పోయి చూసింది చూసినట్టు చెప్పాడు. ఇల్లు మంచిగుంది. పొయ్యి అద్దంలాగ మెరుస్తోంది, దాన్ని అంటించి ఎన్నాళ్ళయిందో. బియ్యం లేవా అంటే కోటేష్ నవ్వి ఊరుకున్నాడు, సిగ్గుపడ్డట్టుంది. తర్వాత ఒక మనిషి ఎక్కడి నుంచో అన్నం పట్టుకొచ్చాడు. కోటేష్ ఏవో అంకెలు చెప్తేగానీ ఇవ్వలేదు. రేషన్ లాంటిదేమో. గిన్నెలు వాపసు ఇయ్యకుండా పడేశాడు, ఇచ్చినవాళ్ళ ముఖం చూడలేకేమో.

చిన్నక్క ఈ నివేదిక విని ఆ పూట తినలేదు.

తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. హీరాలాల్ సారు కొడుక్కు ఖమ్మంలో వండుకునే గతి లేదట. ఆ ఊళ్ళో ఇవాళ నలభై దాటిన ప్రతివాడూ హీరాలాల్ దగ్గర అక్షరాలు దిద్దినవాడే. ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు.

బస్సులో మూడు సంచులు వచ్చాయి. దంపుడు బియ్యం, కందులు, ఎండు చేపలు, చింతపండు, ఒక సీసాలో తేనె, ఒక మూటలో ఎండబెట్టిన ఇప్పపూలు. మట్టిపొయ్యి పంపితే దారిలో పగులుతుందని, మూడు పొయ్యిరాళ్ళు కూడా చూసి ఏరి పంపారు. వీటితో పాటు గంపలో ఒక పుంజు.

ఒక సూపరింటెండెంటుకు చర్ల అడవుల నుంచి సహాయ సామగ్రి రావడం జిల్లా చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చు.

పుంజును బాల్కనీలో కట్టేశారు. దాన్ని కోసే ధైర్యం కోటేష్‌కు గానీ ప్రమీలారాణికి గానీ లేదు. తెల్లవారుజామున అది తన విధి తాను నిర్వర్తించింది. నేను కూడా లేచాను. మా రెసిడెంట్స్ గ్రూపులో ఎవరో, దయచేసి ఆ రింగ్‌టోను మార్చండి అని మెసేజ్ పెట్టారు. రెండో రోజు కూడా కూసేసరికి అది నిజం కోడేనని తేలింది. అసోసియేషన్ సెక్రటరీ వెంకటేశ్వరరావు గారు 'పక్షుల విషయమై' అని లిఫ్టులో నోటీసు అంటించారు.

కోటేష్‌కు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు, సొంత ఫ్లాటు, కారు. తనను ఒక ఊరు ఊరంతా తిండికి లేనివాడి కింద జమకట్టడమేమిటి? ఆదివారం స్వయంగా వెళ్ళి విషయం విడమర్చి చెప్పి వస్తానన్నాడు. ఏం చెప్పాలో శనివారమంతా సాధన చేశాడు. గ్యాస్ కనెక్షన్ పుస్తకం కూడా బ్యాగులో పెట్టుకున్నాడు.

ప్రమీలారాణి పొయ్యిరాళ్ళను బాల్కనీలో ఒక పక్కన సర్దుతూ అంతా విన్నది.

"ఇంతకీ వాళ్ళు అనుకున్న దాంట్ల తప్పేముంది?" అన్నది.

కోటేష్ టైమవుతోందని పడుకున్నాడు.

తెల్లారి భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. వెనక సీట్లో గంప, గంపలో పుంజు. భద్రాచలం దగ్గర గోదావరి దాటి, చర్ల దాటి, రోడ్డనే మాట వదిలేసిన దారిలోకి మళ్ళారు. క్యాంపు దగ్గర పోలీసులు కారాపి ఎక్కడికి, ఎందుకు అని అడిగారు. ఒక అపార్థం తొలగించడానికి అని చెప్పాలనుకున్నాడు కోటేష్. నోట్లోంచి మాత్రం, అన్నం తినడానికి అని వచ్చింది. ఆ పోలీసాయన వెనక సీట్లోని పుంజును చూశాడు. వీళ్ళు సరుకు వెంట తెచ్చుకునే రకమనుకున్నాడేమో, మారుమాట లేకుండా వదిలేశాడు.

చిన్నక్క అరుగు మీద కూర్చుని ఉంది. కోటేష్ ఆ గడపలో కాలుపెట్టి పదకొండేళ్ళయింది. ఆమె బాగా వంగిపోయింది. కళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. ముందు కోటేష్‌ను చూసింది. తర్వాత ఆయన చేతిలోని పుంజును చూసింది. అంతే, ఆమెకు మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. పాపం, వండుకోవడానికి పొయ్యి లేక కోడిని కూడా తిరిగి తెచ్చుకున్నారు.

విషయం విడమర్చే అవకాశమే రాలేదు. కోడలు శ్యామల పుంజును అందుకుని వెనక్కి వెళ్ళింది. కోటేష్ గ్యాస్ పుస్తకం బయటికి తీశాడు. అది ఏ దరఖాస్తో అనుకుని సీతయ్య జాగ్రత్తగా చూరులో దోపాడు.

వంటయింది. వానలు పడ్డాయి కనుక వెదురు కొమ్ముల కూర కూడా ఉంది. చిన్నక్క మోకాళ్ళు పట్టుకుని కూర్చునే వడ్డించింది. ప్రమీలారాణి చాలు అన్నది. ఏమవుతుందో ఆమెకు తెలియదు పాపం. చివర్లో చిన్నక్క ఒక చిన్న గిన్నె తెచ్చి, నీకిష్టమని నిన్ననే చేయించిన అంటూ ఎర్రచీమల పచ్చడి కోటేష్ విస్తట్లో వేసింది. నలభై ఏళ్ళ నాటి అబద్ధం ఇంకా కారంగానే ఉంది. కోటేష్ తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కారం వల్లనే అని ఆయన ఇప్పటికీ అంటాడు.

తిన్నాక ఆమె దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. మీ ఇంట్ల పొయ్యి అంటుకుంటదా?"

నిన్నంతా సాధన చేసిన ఉపన్యాసం ఆయన గొంతులోనే ఉంది. సొంత ఫ్లాటు, గ్యాసు, ఇరవై రెండేళ్ళ సర్వీసు.

"లేదత్తా" అన్నాడు.

"మరి మీ ఇంటికి ఎవ్వరు రారా?"

"రారు."

"మీరు గూడ ఎవరింటికి పోరా?"

కోటేష్ ఆలోచించాడు. స్నేహితులున్నారు. నెలకోసారి కలుస్తారు. ఒక హోటల్లో కలుస్తారు, ఎవరికి కావలసింది వాళ్ళు తెప్పించుకుంటారు, ఫోటో దిగి వెళ్ళిపోతారు. వాళ్ళ ఇళ్ళు లోపల ఎట్లా ఉంటాయో ఆయన ఎన్నడూ చూడలేదు. లొకేషన్ మాత్రం అందరిదీ ఉంది.

"పోము" అన్నాడు.

చిన్నక్క ప్రమీలారాణి చేతి మీద చెయ్యి వేసింది. అయితే నేనే వస్తానన్నది. మోకాళ్ళ సంగతి తాను చూసుకుంటుందట, నెల రోజుల్లో వస్తుందట, అయితే కోటేష్ వండి పెట్టాలట. కోటేష్ తనకు వంట రాదన్నాడు.

"మీ నాయిన నేర్పేదాంక నాకు సంతకం వచ్చిందా?" అన్నది చిన్నక్క.

పాఠకులారా, ఇక ఇక్కడి నుంచి ఆ కుటుంబం పతనం ఎంత వేగంగా సాగిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. హాయిగా ఉన్న ఇంట్లో ఉల్లిపాయలు ప్రవేశించాయి. కోటేష్ మొదటి వారం అన్నం మాడ్చాడు, రెండో వారం వేలు కోసుకున్నాడు. ప్రమీలారాణి పప్పు బాధ్యత తీసుకుని, కోడికూర జోలికి రానని ముందే చెప్పేసింది. ఏడేళ్ళు కాపాడుకున్న చిమ్నీ స్టిక్కరు ఆవిరికి ఊడి సాంబారులో పడింది. ఆఫీసులో ఆయన చొక్కాకు తాలింపు వాసన వస్తోందని కింది ఉద్యోగులు గుసగుసలాడారట. ఎంత అప్రతిష్ట!

ఆగస్టులో ఒక ఆదివారం చిన్నక్క వచ్చింది. వెంట సీతయ్య, గణేష్. లిఫ్టులో ఎక్కేటప్పుడు గణేష్ ఆమెను పట్టుకున్నాడు. ఆమె ఏమీ భయపడలేదు. లిఫ్టులోని వెంకటేశ్వరరావు గారి నోటీసును మాత్రం చదివించుకుని, మంచి అక్షరాలన్నది.

అన్నం ముద్దయింది. కూరలో ఉప్పు ఒకటికి రెండుసార్లు పడింది. కోటేష్ చెమటలు కక్కుతూ వడ్డించి, మారు వడ్డించాలన్న సంగతి మరిచిపోయి నిలబడిపోయాడు. చిన్నక్కే విస్తరి ముందుకు జరిపి, ఇంకింత వెయ్యమన్నది. మళ్ళీ వెయ్యమన్నది. ఎట్లుందని కోటేష్ అడగలేదు. మస్తుగుందని ఆమె అనలేదు. ఆమెకు కూడా అబద్ధం అలవాటు లేదు. మూడోసారి పెట్టించుకున్నది, అంతే.

అప్పుడు ఆమె చూపు గిన్నె మీద పడింది. కొలత తెలియక కోటేష్ ఐదుగురికి ఇరవైమంది అన్నం వండాడు. ఇదంతా ఎవరికని అడిగింది. లెక్క తప్పిందని చెప్పాడు. చిన్నక్కకు ఆ జవాబు నచ్చలేదు. గోడ పట్టుకుని లేచి, తలుపు తీసుకుని, వరండాలో ఒక్కొక్క తలుపూ కొట్టుకుంటూ పోయింది. అన్నమైంది, తిందురు రాండ్రి అని.

మా అపార్ట్‌మెంట్‌లో తలుపు కొట్టి తిండికి పిలవడం అనేది నిబంధనల్లో ఎక్కడా లేదు. అందరూ ముందు తలుపు కన్నంలోంచి చూశారు. వంగిపోయిన ముసలమ్మ కనిపించింది. ఏమైనా అడగడానికి వచ్చిందేమోనని ఒకావిడ పాత చీర కూడా తెచ్చిందట. పిలుపు అర్థమయ్యాక ఏం చేయాలో తెలియక వెంట నడిచింది. వెంకటేశ్వరరావు గారు లుంగీతోనే వచ్చేశారు. మొత్తం పద్నాలుగు మంది. హాల్లో సోఫాలు పక్కకు జరిపి నేల మీద కూర్చున్నారు. ఏడేళ్ళలో మొదటిసారి ఒకరి పేర్లు ఒకరు అడిగి తెలుసుకున్నారు. కూరలో ఉప్పెక్కువైందని వెంకటేశ్వరరావు గారు ముఖం మీదే చెప్పారట. వచ్చే ఆదివారం తన ఇంట్లో సరైన ఉప్పుతో తినిపిస్తానని సవాలు కూడా చేశారట. చూడండి, వ్యాధి ఎలా పాకుతుందో.

మా తలుపు కూడా కొట్టింది.

నేను సోఫాలో ఉన్నాను. నా ఆర్డరు కోసం చూస్తున్నాను. తలుపు చప్పుడు కాగానే అలవాటు ప్రకారం, 'అక్కడ పెట్టి వెళ్ళండి' అని లోపలి నుంచే కేకేశాను. బయట ఒక ముసలి గొంతు ఏదో అన్నది. మళ్ళీ రెండుసార్లు కొట్టింది. తర్వాత చెప్పుల్లేని అడుగులు మెల్లగా వెళ్ళిపోయాయి.

కాసేపటికి తలుపు తీశాను. ఏమీ లేదు. ఎదుటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల పద్నాలుగు మంది వీపులు కనిపిస్తున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి. పిలవలేదు కనుక వెళ్ళకూడదా, పిలిచారు కనుక వెళ్ళవచ్చా అని గుమ్మంలో నిలబడి తర్కించుకుంటున్నాను. ఇంతలో లిఫ్టు తెరుచుకుని నా బిర్యానీ వచ్చింది. అంకెలు చెప్పాను. తీసుకుని తలుపేసుకున్నాను.

మొన్న లిఫ్టు పాడైంది. నాలుగంతస్తులూ ఎక్కలేక మధ్యలో మెట్ల మీద కూర్చున్నప్పుడు కోటేష్ గారు ఈ కథంతా నాకు చెప్పారు. చెప్పి, చివర్లో అన్నారు.

"మా అత్త ఆ రోజు మీ తలుపు గూడ కొట్టిందంటండి. మీరు ఊళ్ళె లేనట్టున్నరు."

"అవునండి, లేను" అన్నాను.

ఇంత జరిగినా నా అభిప్రాయంలో మార్పు లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఇంటికొచ్చినవాళ్ళకు వండి పెట్టడం ముమ్మాటికీ దురాచారమే. తినేవాళ్ళను వెతుక్కుంటూ తలుపులు కొట్టడం అంతకన్నా పెద్ద దురాచారం. దీన్ని మొగ్గలోనే తుంచెయ్యాలి.

వ్యాసానికి వివరాలు కావాలి కదా అని ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను, ఆ పెద్దావిడ మళ్ళీ ఎప్పుడొస్తారని. దసరాకు ముందు ఆదివారం అన్నారు. డైరీలో రాసుకున్నాను.

ఆ ఆదివారం నేను ఊళ్ళోనే ఉంటున్నాను. ఖండించేవాడు దగ్గరుండి ఖండించాలి కదా.